యెజ్డీ రోడ్‌కింగ్: చల్లగా ఉంటే స్టార్టవుతుంది, వేడెక్కితే ఆగిపోతా ఉంది

ప్రశ్న (తిరుపతి): అన్నలూ, నాది పాత టూ-స్ట్రోక్ బైకు యెజ్డీ రోడ్‌కింగ్, ఏళ్లుగా షెడ్డులో ఉన్న బండి. ట్యాంకు, కార్బురేటరు కడిగి కొత్త ప్లగ్గు వేసినాం. పొద్దున రెండు కిక్కులకే లేస్తుంది. చంద్రగిరి దారిలో నాలుగైదు కిలోమీటర్లు పోతే ఆగిపోతుంది. అరగంట చల్లారితేనే మళ్లీ స్టార్టు. ఏం చూడాల?

జవాబు 1: ఆగిన వెంటనే ప్లగ్గు విప్పి, దాని వైరు తగిలించే, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టు. నిప్పు ఎర్రగా, సన్నగా ఉంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్నే (పాయింట్లు కాలకుండా కాపాడే చిన్న డబ్బా). వేడికి లోపలి ఇన్సులేషన్ లీకవుతుంది, పాయింట్లు (ప్లగ్గులో నిప్పు పుట్టేలా తెరుచుకుని మూసుకునే స్విచ్చు) నల్లగా కాలుతాయి. కండెన్సర్ మార్చి, పాయింట్లను సన్న ఎమరీతో రుద్ది, పెట్రోలుతో తుడిచి గ్యాపు 0.4 మి.మీ. పెట్టు. గ్యాపు కొలిచే సన్న రేకు, ఫీలర్ గేజికి జిడ్డు ఉండకూడదు, ఆ జిడ్డే పాయింట్లకు అంటి మళ్లీ కాలుస్తుంది. అప్పటికీ మారకపోతే ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్‌ను అనుమానించు.

జవాబు 2: నిప్పు నీలంగా, గట్టిగా ఉంటే పెట్రోలు వైపు చూడండన్నా. ఆగినప్పుడు ట్యాంకు మూత తెరిస్తే గాలి సుయ్‌మని లోపలికి పోతుందా? అయితే మూతలోని సన్న రంధ్రం పూడింది. కుళాయి జాలీలో తుప్పు కూడా చూడండి.

జవాబు 3: ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇంజను రేసు దానంతటదే పెరుగుతుంటే డైనమో వైపు క్రాంకు సీలు (క్రాంకు షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) గాలి పీలుస్తోంది. తెల్లపొగతో పాటు గేరు ఆయిలు తగ్గుతుంటే క్లచ్చు వైపు సీలు పోయినట్టు. నిలిచిన బండిలో రెండూ గట్టిపడతాయి, జతగానే మార్చండి. టూటీ ఆయిలు (టూ-స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోల్లో కలిపే ఆయిలు) లీటరు పెట్రోలుకు 40 మి.లీ. కలపండి, తగ్గించొద్దు.