నినాదాల పోస్టర్లు కాకుండా, పిల్లలకు సహనం అలవడేలా ఏ బొమ్మల పని చేయించాలి?

నీలిమేఘం:
ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు 24 మంది. 45 నిమిషాల పీరియడ్లు రెండున్నాయి. నవంబర్ 16 అంతర్జాతీయ సహన దినానికి ఏదైనా చేయించాలి. చేతి అచ్చులు, 'మనమంతా ఒక్కటే' పోస్టర్లు ఎప్పుడూ ఉండేవే. బోర్డు మీది అక్షరాలు దించేసి, మళ్లీ ఎవరి జట్టుతో వాళ్లే కూర్చుంటారు. భాష వేరు, రంగు వేరు అని పక్కన పెట్టే అలవాటు మీద నిజంగా పనిచేసేది ఏది? కొలతలతో చెప్పగలరు.

అతుకులబొంత:
పోస్టర్ వేయిస్తే పెద్దలకు ఏ మాట నచ్చుతుందో పిల్లలు కనిపెడతారు, అంతే. పక్కవాళ్లతో మాట్లాడితే తప్ప పూర్తికాని పని పెట్టండి.

20 సెంటీమీటర్ల చదరపు షీట్లు 24 కోయండి. ప్రతి అంచునా 9, 11 సెం.మీ. దగ్గర పెన్సిల్ చుక్కలు మీరే పెట్టాలి. ఆ రెండు చుక్కల మధ్య నుంచి ఒక దారి బయటికి పోవాలి, లోపల ఎన్ని వంకర్లు తిరిగినా సరే. చుక్కలు సరిగ్గా నడుమ ఉంటాయి కాబట్టి ఏ షీటు పక్కన ఏది పెట్టినా దారి కలుస్తుంది. మొదటి పీరియడ్‌లో దారి చుట్టూ ఎవరికి నచ్చింది వాళ్లు వేస్తారు, అయితే షీటు నాలుగు అంచుల వెంట 3 సెం.మీ. ఖాళీ వదలాలి.

రెండో పీరియడ్‌లో చీటీలు తీసి ఆరు నిలువు వరసలు, నాలుగు అడ్డ వరసలుగా చోట్లు పంచండి. స్నేహితులను పక్కపక్కన కూర్చోనిస్తే పని మొత్తం వృథా. పక్కపక్క షీట్ల మధ్య మిగిలిన 6 సెం.మీ. పట్టీని ఇద్దరూ కలిసి నింపాలి: ఒక్కొక్కరు ఒక్కో ఆయిల్ పాస్టెల్ ఎంచుకుని, ఒకరి రంగు మీద ఇంకొకరు రుద్దాలి. లేత రంగు ముందు. ముదురు ముందు వేస్తే లేత పాస్టెల్ మొన మురికైపోయి గొడవ మొదలవుతుంది. విడతకు 8 నిమిషాలు: ముందు కుడి ఎడమల జంటలు రెండు విడతలు, తర్వాత పైకిందల జంటలు రెండు. ఆ విడతలో జంట లేనివాళ్లు బయటి అంచులు నింపుకుంటారు. చివర్లో వెనకవైపు నుంచి టేపు వేస్తే 120 × 80 సెం.మీ. బొమ్మ వస్తుంది. నీటిరంగులు వద్దు, 8 నిమిషాల్లో ఆరవు, కాగితం ముడుచుకుపోతుంది.

ఒకరి పని ఇంకొకరి మీద ఆధారపడేలా చేయడం పాత ఉపాయమే. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో వేర్వేరు జాతుల పిల్లలను ఒకే బడిలో కలిపినప్పుడు గొడవలు తగ్గించడానికి మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్‌సన్ 'జిగ్‌సా' తరగతి (పాఠంలో ఒక్కో ముక్క ఒక్కొక్కరు నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పే పద్ధతి) పెట్టింది ఈ సూత్రం మీదే.

గచ్చకాయ:
రంగు గురించే అడిగారు కాబట్టి, ఎవరి ఒంటిరంగు వాళ్లు కలుపుకునే పని కూడా బాగుంటుంది. పోస్టర్ కలర్స్‌లో బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), తెలుపు, అల్ట్రామెరీన్ నీలం చాలు. లేత రంగుతో మొదలుపెట్టి ముదురును కుంచె మొనతో కొద్దికొద్దిగా కలపాలి. ముదురు కావాలంటే నీలం. నలుపు కలిపారో, ఆకర్‌తో కలిసి పాచిరంగుకు తిరుగుతుంది. కాగితం ముక్క మీద పూసి, ఆరాకే కిటికీ వెలుతురులో ముంజేతి పక్కన పెట్టి చూడాలి. పోస్టర్ కలర్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది.

'స్కిన్ కలర్' పేరుతో ఉండే లేత క్రేయాన్‌ను ఆ రోజుకు పెట్టెలోంచి తీసేయండి. క్రేయోలా కంపెనీయే 1962లో 'ఫ్లెష్' అన్న పేరు తీసేసి 'పీచ్' అని మార్చింది.

అతుకులబొంత:
ఇక్కడ ఒక ప్రమాదం ఉందండీ. ముక్కలు చేతికి రాగానే పిల్లలు లేత నుంచి ముదురుకు వరస పేర్చేస్తారు, ఆ వెంటనే వెక్కిరింపు. ముక్కలు తీసుకుని కలగలిపి అంటించండి, పేర్లు రాయొద్దు. తరగతిలో ఒక్క బిడ్డే వేరుగా కనిపిస్తుంటే ఈ పని అసలు పెట్టకండి. అందరి చూపూ ఆ బిడ్డ మీదే పడుతుంది.

గచ్చకాయ:
నిజమే. అలాంటి చోట పెట్టె బొమ్మ మేలు. అట్టపెట్టెకు నాలుగు పక్కలా నాలుగు రంగుల కాగితాలు అంటించి, నలుగురిని చుట్టూ కూర్చోబెట్టి, కళ్లెత్తున పెట్టండి. పది నిమిషాలు వేశాక, లేవకముందే 'ఎదుటివాళ్ల బొమ్మ తప్పా?' అని అడిగి, తర్వాత చోట్లు మార్పించండి. పెట్టె బదులు పిడి ఉన్న కూజా పెట్టొచ్చు గానీ, ఏడేళ్లలోపు వాళ్లు చాలామంది కనిపించని పిడిని కూడా వేసేస్తారు, దాంతో తేడా తేలదు.

నీలిమేఘం:
షీట్లు కలిపే అతుకుల పని పెడతాను. ఎవరైనా పక్కవాళ్ల బొమ్మ మీద కావాలని గీకేస్తే?

అతుకులబొంత:
ఖాళీ పట్టీ వదలమన్నది అందుకే, లోపలి బొమ్మను ఎవరూ ముట్టకూడదు. ముట్టారంటే పాడైన బొమ్మ ఎవరిదో వాళ్లనే 'ఏం చేద్దాం?' అని అడగండి: మీద కాగితం అంటించాలా, గీతనే ఇంకేదైనాగా మార్చాలా అని. గీసినవాళ్లు వాళ్లు చెప్పినట్టు చేయాలి. అయ్యాక బహుమతులు మాత్రం పెట్టకండి, మంచి బొమ్మ ఎవరిదన్న పోటీ మళ్లీ మొదలవుతుంది.