సంబంధం చూసేటప్పుడు దీన్ (మతనిష్ఠ) ఒక్కటి చాలా, స్వభావం కూడా అడగాలా?

కర్నూలు_కోడలు: నికా అయి 8 నెలలు. ఇద్దరం నమాజు వదలం, లేనిపోని ఖర్చుల్లేవు, అయినా రోజూ ఏదో ఒక గొడవ. నాకు చిన్నదానికే టెన్షన్, ఆయనకు కోపం వస్తే మూడు రోజులు మాటుండదు. సంబంధం చూసినప్పుడు జీతం, రంగు, ఖాందాన్ అన్నీ అడిగారు, కోపమొస్తే ఏం చేస్తాడని మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సిందా?

గుంటూరు_భాయ్: అడిగితే నిజం ఎవరు చెబుతారు చెల్లీ? దీన్ ఉంటే అఖ్లాక్ (మంచి నడవడిక) దానంతటదే వస్తుంది. సబర్ చేయండి, ఓర్చుకోండి.

నూరీ_బెజవాడ: దానంతటదే వస్తే సంబంధం గురించి తిర్మిజీ హదీసులో (ప్రవక్త మాటల సంకలనం) దీన్‌తో పాటు నడవడిక అని వేరుగా ఎందుకు చెప్పారు భాయ్? 1995లో కార్నీ, బ్రాడ్‌బరీ అనే పరిశోధకులు కాపురాల మీద 115 అధ్యయనాలు ముందేసుకుని చూస్తే, ఊరికే ఆందోళన, చికాకు పడే స్వభావం (న్యూరోటిసిజం అంటారు) ఉన్నచోట కాపురంలో తృప్తి తక్కువని తేలింది.

గుంటూరు_భాయ్: వాళ్లు చూసింది ఎక్కువగా అమెరికా తెల్లవాళ్ల కాపురాలు. అక్కడ అత్తగారు పక్క గదిలో ఉంటుందా? ఐదు జుమాగీలకు (పెళ్లయ్యాక అత్తారింట్లో పెట్టే శుక్రవారం విందులు) బావమరిది వచ్చి పిలుస్తాడా?

పాతబస్తీ_చాయ్: మా అన్న రెండో జుమాగీకే అలిగాడు 😄

నూరీ_బెజవాడ: జుమాగీ సంగతి కాదు ఇక్కడ.

గుంటూరు_భాయ్: అదే సంగతి. మా తమ్ముడి భార్య "నా స్వభావమింతే" అని ఏడాది తిరక్కుండా ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) తీసుకుంది. స్వభావం అనే మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది, ఎవరూ మారక్కర్లేదని చెప్పడానికి దొరికిన సాకు అది.

నూరీ_బెజవాడ: మీ తమ్ముడి స్వభావం గురించి ఒక్క ముక్క చెప్పలేదేం? ఆరేళ్లుగా నాకూ సబర్ అనే చెబుతున్నారు, మా ఆయనకు ఒక్కరంటే ఒక్కరు చెప్పగా వినలేదు.

గుంటూరు_భాయ్: మా ఇంటి సంగతి మీకెందుకమ్మా.

నూరీ_బెజవాడ: తెచ్చింది మీరే కదా.

పాతబస్తీ_చాయ్: ఖురాన్ నిసా సూరాలో (అధ్యాయంలో) చెప్పినట్టు అటొకరు ఇటొకరు పెద్దల్ని కూర్చోబెట్టండి, ఇక్కడ కాదు.

కర్నూలు_కోడలు: కూర్చోబెట్టాం, ఇద్దరూ నాకే చెప్పి వెళ్లారు. ఒకటి రాయలేదు ఇందాక. మూడో నెలలో వేరే పోర్షన్ తీసుకుందామన్నాను. ఆయన మాట మానేయడం ఆ రోజే మొదలు.

గుంటూరు_భాయ్: అదీ! మరి ముందు టెన్షన్, స్వభావం అని ఎందుకు రాశారు?

కర్నూలు_కోడలు: ఇంట్లో అలాగే అంటారు భాయ్. పోర్షన్ అడగక ముందు నేను హుషారైన పిల్లని.