హ్యాండ్‌బ్యాగుకు విరిగిన కొక్కెం కంపెనీ విడిగా అమ్మనంటే, విశాఖ కురుపాం మార్కెట్‌లో చేయించుకోవడం తప్పా?

ఎంవీపీ కాలనీ వాసి:
2014లో మా ఆడపడుచు సింగపూరులో కొని ఇచ్చిన ఖరీదైన తోలు హ్యాండ్‌బ్యాగు ఒకటి నా దగ్గర ఉన్నది. గత నెల ద్వారకానగర్‌లో ఆటో దిగుతుండగా, దాని పట్టీని తగిలించే రెండు కొక్కేలలో ఒకటి ఊడి, బ్యాగు రోడ్డు మీద పడింది. ఇంటికి వచ్చి చూస్తే కొక్కెం లోపలి స్ప్రింగు తుప్పు పట్టి తెగిపోయి ఉన్నది. తోలు, కుట్లు, జిప్పు మాత్రం చెక్కుచెదరలేదు. బెంగళూరులోని షోరూముకు ఫొటోలు పంపితే, కొక్కెం ఒక్కటే అమ్మరని, బ్యాగును వారికి అప్పగిస్తే పట్టీ మొత్తం మార్చడానికి వీలవుతుందేమో చూస్తారని, ఆ మోడల్ ఆగిపోయింది కనుక హామీ ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఆన్‌లైన్‌లో ఒకరు అదే కంపెనీ పేరు చెక్కిన కొక్కెం 1,800 రూపాయలకు ఇస్తామంటున్నారు. కురుపాం మార్కెట్‌లో మాకు నగలు చేసే ఆచారి గారు మాత్రం, మంచిగా ఉన్న రెండో కొక్కేన్ని చూసి అలాంటిదే ఇత్తడితో చేసి గిల్టు వేయిస్తానంటున్నారు. ఈ రెండింటిలో ఏది సబబు? అసలు ముక్క విడిగా అమ్మకపోవడం న్యాయమేనా?

పాత బ్యాగుల ప్రియురాలు:
రెండూ వద్దు. బ్యాగును కంపెనీకే పంపండి. మూడు నెలలు పట్టినా పట్టనివ్వండి. బయటి ముక్క వేసిన బ్యాగును రేపు అమ్మదలిస్తే, కొనేవారు ముందుగా చూసేది ఆ కొక్కేన్నీ జిప్పు రన్నర్‌నూ. అక్కడ తేడా కనిపిస్తే బ్యాగంతా నకిలీయేమోనని అనుమానిస్తారు. పైగా బయట మరమ్మతు చేయించిన వాటిని ముట్టుకోమనే కంపెనీలూ ఉన్నాయి. ముక్కలు విడిగా అమ్మరని మనం కోప్పడతాం గానీ, పేరు చెక్కిన కొక్కేలు, తాళాలు బజారులో సంచులకొద్దీ దొరికితే ముందుగా సంతోషించేది నకిలీ బ్యాగులు కుట్టేవారే.

ఉప్పుగాలి ఇంజనీరు:
ప్రియురాలు గారు చెప్పిన చివరి మాట నిజమే అయినా, దానిని అడ్డం పెట్టుకొని పదేళ్ళనాటి బ్యాగును మూలన పడేయమనడం నాకు సమంజసంగా తోచడం లేదు. కారుకు బ్రేకు ప్లేట్లు, మిక్సీకి జార్లు విడిగా కొంటున్నాం. ఎన్నో రెట్లు ఖరీదైన బ్యాగుకు వేలెడంత కొక్కెం దొరకకపోవడమేమిటి? వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్ (మరమ్మతు, విడిభాగాల వివరాలు ఒకచోట ఇచ్చే వెబ్‌సైటు) కూడా వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలతోనే మొదలైంది. హ్యాండ్‌బ్యాగులు అందులో లేవు. ఇంకొక మాట: ఖరీదైన బ్యాగుల జిప్పులు చాలావరకు ఆ కంపెనీలు చేసుకున్నవి కావు; స్విట్జర్లాండ్‌కు చెందిన రీరి, ఇటలీకి చెందిన లాంపో, జపాన్‌కు చెందిన వైకేకే వంటి జిప్పుల తయారీదారుల దగ్గర కొన్నవి. వారు బయట కొంటే నాణ్యత, మనం బయట చేయించుకుంటే అపచారమా?

ఇక మీ కొక్కెం సంగతి. మన ఊరి గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ కాబట్టి గిల్టుకు సన్నని గీత పడినా చాలు, ఇత్తడి అయితే పచ్చని చిలుము పడుతుంది, జింకు మిశ్రమమైతే బూడిద రంగు పొక్కులు లేస్తాయి. ఉక్కు స్ప్రింగు అంతకన్నా ముందే పోతుంది. మీకు జరిగింది అదే. కనుక ఆచారి గారిని పూత గురించి కన్నా స్ప్రింగు గురించి ఎక్కువగా అడగండి, స్టెయిన్‌లెస్ తీగతో చుట్టమనండి. పట్టీ దూరే రింగు లోపలి వెడల్పును కొలిపించండి. రెండు మిల్లీమీటర్లు తక్కువైనా పట్టీ అంచు ముడుచుకొని అక్కడే చీలుతుంది.

నల్లకోటు:
ఆన్‌లైన్ కొక్కెం జోలికి వెళ్ళకండి. బ్యాగు అసలుదే అయినా, కంపెనీ అనుమతి లేకుండా దాని పేరు చెక్కిన ముక్క నకిలీయే. ట్రేడ్ మార్కుల చట్టం, 1999లోని 103, 104 సెక్షన్ల ప్రకారం అలాంటివి తయారుచేసి అమ్మేవారికి 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పేరు లేని కొక్కేన్ని మీ సొంత బ్యాగుకు వేయించుకోవడం వేరు. దానికి ఈ చిక్కు లేదు. అమ్మేటప్పుడు మాత్రం ఆ సంగతి దాచకూడదు. సరుకు స్థితి మారిన తరువాత జరిగే అమ్మకానికి కంపెనీ అభ్యంతరం చెప్పడానికి 30వ సెక్షన్ చోటిస్తున్నది.

ఒక చిన్న జాగ్రత్త. రెండో కొక్కెం నుంచి రబ్బరు అచ్చు తీస్తే దాని మీది కంపెనీ పేరు కూడా అచ్చులోకి వస్తుంది. లోహం పోయకముందే, ఆ అచ్చులో పోసి తీసిన మైనం నమూనా మీదనే ఆ అక్షరాలను గీకివేయమని ఆచారి గారికి చెప్పండి.

పాత బ్యాగుల ప్రియురాలు:
చట్టం ఒప్పుకున్నా కొనేవారి కన్ను ఒప్పుకోవాలి కదా. రెండు కొక్కేలలో ఒకదాని మీద పేరుండి, మరొకదాని మీద లేకపోతే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఉప్పుగాలి ఇంజనీరు:
తెలియనివ్వండి. లూయీ విట్టాన్ బ్యాగుల మీది రంగు వేయని తోలు, వాడకంలో తేనె రంగుకు తిరుగుతుంది. కంపెనీయే కొత్త పిడి వేసినా అది పాలిపోయినట్టు వేరుగా కనిపిస్తుంది. దానిని చూసి ఎవరూ నకిలీ అనడం లేదే!

ఎంవీపీ కాలనీ వాసి:
అందరికీ ధన్యవాదాలు. బ్యాగును అమ్మే ఉద్దేశం నాకు లేదు కనుక ఆచారి గారికే ఇచ్చాను. నల్లకోటు గారు చెప్పినట్టే పేరు గీకించాను. కొత్త కొక్కెం గిల్టు పాతదాని కన్నా కొంచెం ఎర్రగా వచ్చింది, పక్కపక్కన పెడితే తెలుస్తుంది. విరిగినదానిని కాగితంలో చుట్టి బ్యాగు లోపలి జేబులోనే ఉంచాను, ప్రియురాలు గారి మాట కూడా కొంత విన్నట్టే. అయితే ఇప్పుడు రెండో కొక్కెం కూడా నొక్కితే గరగరమంటున్నది. దానిని కూడా మార్పించాలా, తెగేదాకా ఆగవచ్చునా?

ఉప్పుగాలి ఇంజనీరు:
ఆగకండి. కొక్కెం పాతదే ఉంచి స్ప్రింగు ఒక్కటే మార్పించండి. పేరున్న అసలు ముక్క మీకు మిగులుతుంది.