మనసు పడటం, మనసొప్పడం: ‘ఇంట్యూషనిజం’కి తెలుగు మాట

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు, నీతిశాస్త్రంలో ‘మోరల్ ఇంట్యూషనిజం’ని తెలుగులో ఏమనాలని. ‘మనస్సాక్షివాదం’ అని ఒకరు, ‘సహజావబోధవాదం’ అని ఇంకొకరు చెప్పారు. నాకు రెండూ అతకలేదు.

కొన్ని నీతి సత్యాలు వేరే రుజువు లేకుండానే తెలుస్తాయన్నది ఈ సిద్ధాంతం. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, చేసిన మేలు మరవకపోవడం లాంటి ధర్మాలను ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ 1930లో ఏడు రకాలుగా చెప్పాడు. గణితంలో స్వయంసిద్ధాలు ఎలాగో ఇవీ అలాగే అన్నాడు. అయితే పుట్టుకతోనే తెలుస్తాయనలేదు, బుద్ధి ముదిరాక శ్రద్ధగా ఆలోచిస్తే తెలుస్తాయన్నాడు. అందుకే ‘సహజ’ అంటే తప్పుదారి పడతాం. ఇక మనస్సాక్షి నేను చేసే పనికి సాక్షి. ‘మాట తప్పకూడదు’ అన్నది నా ఒక్కడి పనికి సంబంధించింది కాదు కదా, అందరిదీ.

అంతకుముందే, 1903లో, జి.ఇ. మూర్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త ‘మంచి’ని నిర్వచించలేమంటూ దాన్ని పసుపు రంగుతో పోల్చాడు. ఈ పోలిక తెలుగులో ఎంత బాగా అమరుతుందో చూడండి. పసుపు రంగంటే ఏమిటని చిన్నపిల్ల అడిగితే పోపుల పెట్టె మూత తీసి చూపిస్తాం. అంతకుమించి చెప్పడానికేం లేదు. మనకు ఆ రంగు పేరే ఆ వస్తువు పేరు.

ఇప్పుడు నా మాట. ఒకసారి మా అమ్మ సంత నుంచి వచ్చి కొంగుముడి విప్పి చిల్లర లెక్క చూసుకుంది. ఇరవై రూపాయలు ఎక్కువొచ్చాయి. టమాటాల గంప దగ్గర ఇచ్చినవే. మిట్టమధ్యాహ్నం మళ్లీ చెప్పులేసుకుంది. “వచ్చే వారం ఇద్దువులే అమ్మా” అన్నాను. “మనసొప్పడం లేదురా” అంది. కారణం తను చెప్పలేదు, నేను అడగలేదు.

అందులో ‘ఒప్పు’ని చూడండి. తప్పొప్పుల్లోని ఒప్పు అదే, ఒప్పుకోవడంలోదీ అదే. పాత కావ్యాల్లో ‘ఒప్పె’ అంటే తగినట్టుగా అందంగా ఉంది అని, ఒప్పులకుప్ప అందులోంచే వచ్చింది. సరైనది, తగినది, మనసు అంగీకరించినది, మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దం మొదట్లో శామ్యూల్ క్లార్క్ అనే తత్వవేత్త కూడా ధర్మమంటే పరిస్థితికి పని తగి ఉండటమేననీ, ఆ తగినతనం బుద్ధికి నేరుగా తెలుస్తుందనీ వాదించాడు. ఆయన తగినతనమే మన ‘ఒప్పు’ అని నా నమ్మకం.

కింద కామెంట్లలో ఒక అక్క మంచి ప్రశ్న వేశారు: “శాకుంతలంలో దుష్యంతుడూ ఇదే అన్నాడు కదా? ‘సతాం హి సందేహపదేషు వస్తుషు ప్రమాణమంతఃకరణప్రవృత్తయః’ (సందేహం వచ్చినచోట సజ్జనులకు తమ మనసు మొగ్గే ప్రమాణం) అని. అది కోరిక కాదా?”

అక్కా, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మొక్కలకు నీళ్లు పోస్తున్న పిల్లను చూశాడు, ఆమె తనకు తగునా కాదా అని సందేహం వచ్చింది, ‘నా మనసు అటు వెళ్లింది కాబట్టి తగినదే’ అని తేల్చుకున్నాడు. ఇంట్యూషనిజం మీద పెద్ద ఆక్షేపణ కూడా ఇదే, నీకు నచ్చినదానికే సత్యమని పేరు పెడుతున్నావని. సంస్కృతంలో ఆ ఒక్క ‘అంతఃకరణ ప్రవృత్తి’లో కోరికా, ఒప్పూ రెండూ కలిసిపోయాయి. తెలుగులో క్రియలే వేరు. దుష్యంతుడు మనసు పడ్డాడు. మా అమ్మకు మనసొప్పలేదు. మనసు పడటం తన కోసం. మనసొప్పకపోవడం ఎండలో అంత దూరం నడిపిస్తుంది. ‘ఇవ్వడానికి మనసు రాలేదు’ అనేది మళ్లీ వేరే, పిసినారి కూడా ఆ మాట అంటాడు.

అన్నిసార్లూ ఈ గీత ఇంత స్పష్టంగా ఉండదు, నిజమే. కానీ గీత ఉందని మన భాషకు తెలుసు. అందుకే ‘మనసొప్పువాదం’ అందామంటాను. వినడానికి కొత్తగానే ఉంటుంది, నలుగురు వాడితే అలవాటవుతుంది.

తెలంగాణ మిత్రులు ఒకటి చెప్పండి. ‘మనసొప్పుతలేదు’ని మీ ఇళ్లలో తప్పొప్పుల విషయంలోనే అంటారా, ఊరికే ఇష్టం లేనప్పుడు కూడా అంటారా?