బబుల్ టిప్ ఎనిమోన్ (పువ్వులాంటి సముద్రజీవి) సాయంత్రం అయ్యేసరికి ముడుచుకుపోతోంది, నోట్లోంచి గోధుమరంగు తీగలు వస్తున్నాయి, బతుకుతుందా?

మణికొండ రీఫ్:
అందరికీ నమస్కారం అండీ. మాది రెండడుగుల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సంప్‌తో (కింద ఉండే ఫిల్టర్ తొట్టితో) కలిపి నికరంగా 120 లీటర్ల నీళ్ళుంటాయి, పెట్టి ఏడాది దాటింది. ఒక జత ఓసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ ష్రింప్, కొన్ని జోవాంథిడ్స్ (పగడాల్లాంటి జీవులు), ఒక లెదర్ కోరల్ (మెత్తటి పగడం) ఉన్నాయి. ఈమధ్యే బబుల్ టిప్ ఎనిమోన్ తెచ్చాను. మొదట్లో బాగా విచ్చుకుంది, రంగు కూడా బాగుంది, ఇప్పుడేమో సాయంత్రం అయ్యేసరికి మొత్తం కుంచించుకుపోయి చిన్న ముద్దలా అయిపోతోంది, నోట్లోంచి గోధుమరంగు తీగలు తీగలుగా ఏదో వస్తోంది, పొద్దున చూస్తే మళ్ళీ మామూలుగా ఉంటోంది. నిన్నట్నుంచి పెట్టిన రాయి వదిలేసి అద్దం మీద పాకుతూ వేవ్‌మేకర్ (నీళ్ళని కదిలించే పంపు) వైపు వెళ్తోంది. ఇంకోపక్క క్లౌన్‌లు రెండూ దాన్ని వదలట్లేదు, రాత్రంతా అందులోనే దొర్లుతున్నాయి. షాపులో అడిగితే ఆకలేసి ఉంటుంది ఓ రొయ్య పెట్టండి అన్నారు. బయటికి తీసి వేరే టబ్‌లో పెట్టాలా? మా అమ్మాయికి అదంటే ప్రాణం, దయచేసి ఎవరైనా త్వరగా చెప్పండి.

పాత ఉప్పునీళ్ళు:
మిగతావన్నీ తర్వాత, ముందు లేచి వేవ్‌మేకర్ ఆపేయండి. ఇళ్ళల్లో ఎనిమోన్లు చనిపోవడానికి ఒక పెద్ద కారణం ఈ పంపులే, రాత్రిపూట పాక్కుంటూ వెళ్ళి జాలీలో ఇరుక్కుంటే పొద్దునకి ముక్కలే మిగుల్తాయి, ఆ ముక్కలు కుళ్ళి అమ్మోనియా పెరిగి చేపలు కూడా పోతాయి. పంపు చుట్టూ ముతక స్పాంజి గానీ ప్లాస్టిక్ మెష్ గానీ కట్టి అప్పుడు మళ్ళీ ఆన్ చేయండి. ఆ స్పాంజి వారానికోసారి కడగాలి, లేకపోతే మూసుకుపోయి ఫ్లో పడిపోతుంది. సంప్‌లోకి నీళ్ళు దిగే ఓవర్‌ఫ్లో దగ్గర కూడా మెష్ ఉందో లేదో చూడండి.

ఇక ముడుచుకోవడం గురించి. ఎనిమోన్‌కి ఎముక లేదు, గుల్ల లేదు, లోపల నింపుకున్న నీటి బలం మీదే నిలబడుతుంది. తినడానికి, విసర్జించడానికి ఉన్నది ఒక్కటే ద్వారం, మనం నోరు అంటున్నామే అదే. లోపలి పాత నీళ్ళు, అరగని చెత్త బయటికి పంపాలంటే మొత్తం ఖాళీ చేసుకోవాలి, అందుకే కుంచించుకుపోతుంది, ఆ గోధుమరంగు తీగలు ఆ చెత్తే. దాంట్లో కొంత దాని ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కూడా ఉంటుంది, వెలుతురు మారినప్పుడు ఎక్కువైనదాన్ని వదిలించుకుంటుంది. కొన్ని గంటలు ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంటే భయపడక్కర్లేదు.

చూడాల్సింది నోరు, పాదం, వాసన. నోరు బిగుతుగా మూసుకుని ఉంటే మంచిది. బొక్కలా తెరుచుకుని లోపలి పొరలు బయటికి తిరగబడి రోజంతా అలాగే ఉంటే అది ప్రమాదం. పాదం గట్టిగా దేనికో ఒకదానికి అతుక్కుని ఉండాలి, దేనికీ పట్టుకోకుండా నీళ్ళల్లో అటూ ఇటూ కొట్టుకుపోతుంటే అదీ ప్రమాదమే. చర్మం పొరలు పొరలుగా కరిగి నీళ్ళల్లో కలిసిపోతూ కుళ్ళు వాసన వస్తుంటే అది చనిపోయిందనే లెక్క, ఆ వాసన ఒక్కసారి తెలిస్తే మళ్ళీ అనుమానం రాదు, అప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా తీసేసి నీళ్ళు మార్చి కొత్త కార్బన్ (మలినాలు పీల్చే ఫిల్టర్ బొగ్గు) వేయాలి. మీది పొద్దునకి విచ్చుకుంటోంది, అద్దం పట్టుకుని పాకుతోంది అంటున్నారు కాబట్టి బతికే ఉంది, బలంగానే ఉంది, కాకపోతే ఉన్నచోటు నచ్చలేదు. టబ్‌లోకి మార్చొద్దు. పాదం పీకితే చిరుగుతుంది, చిరిగిన పాదం ఇన్ఫెక్షన్ అయితే అసలు సమస్య అప్పుడు మొదలవుతుంది.

రీడింగ్స్ అన్నీ పెట్టండి. టెంపరేచర్ పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత, సెలినిటీ (నీళ్ళల్లో ఉప్పు ఎంత), నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత). లైట్ ఎన్ని గంటలు, ఎంత శాతం మీద నడుస్తోంది అది కూడా.

బీచ్‌రోడ్:
ముడుచుకోవడం గురించి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా వైజాగ్‌లో టెన్నేటి పార్క్ కింద రాళ్ళ దగ్గరికి పోటు తగ్గినప్పుడు వెళ్ళి చూడండి, గుంటల్లో చిన్న చిన్న ఎనిమోన్లు ఉంటాయి, నీళ్ళు తగ్గి ఎండ తగిలితే మొత్తం లోపలికి లాక్కుని జిగురుముద్దల్లా రాయికి అంటుకుని ఉంటాయి, ఇసుక కూడా అంటుకుని ఉంటుంది, తెలియని వాళ్ళు తొక్కేస్తారు. నీళ్ళు ఎక్కగానే మళ్ళీ విచ్చుకుంటాయి. అవి మీ బబుల్ టిప్ జాతి కాదనుకోండి, ట్యాంకుల కోసం వాటిని పీక్కుని తేవద్దు కూడా, కానీ ముడుచుకోవడం వాటికి ఎంత మామూలో కళ్ళారా తెలుస్తుంది.

నానో కొత్త:
రొయ్య పెట్టమన్నారు కదా, నాకు కూడా అలాగే చెప్పారు, పచ్చి రొయ్య మొత్తం పెడితే వెంటనే మింగేస్తుంది బలం వస్తుంది, అయోడిన్ చుక్కలు కూడా వేయండి బ్రో.

పాత ఉప్పునీళ్ళు:
వద్దు తమ్ముడూ, ఇప్పుడు రొయ్య పెట్టడం అసలు మంచిది కాదు. పెద్ద ముక్క మింగుతుంది నిజమే, కానీ ఒత్తిడిలో ఉన్న ఎనిమోన్ దాన్ని అరిగించుకోలేక సగం కుళ్ళిన ముక్కని మళ్ళీ కక్కేస్తుంది, దానికీ నష్టం ట్యాంక్‌కీ నష్టం. దానికి కావలసిన తిండిలో ఎక్కువ భాగం ఒంట్లో ఉన్న నాచే వెలుతురుతో తయారుచేసి ఇస్తుంది. అది ఒకచోట కుదురుకున్నాక వారానికోసారి చాలు, మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) గానీ రొయ్య తరుగు గానీ దాని నోటికంటే చిన్న ముక్క. అయోడిన్ కూడా కొలిచే టెస్ట్ లేకుండా వేయొద్దు. ఏది కొలవలేమో అది పోయొద్దు.

మణికొండ రీఫ్:
థాంక్స్ అన్నా, పంపు ఆపి స్పాంజి కట్టేశాను. నోరు మూసుకునే ఉంది, వాసన లేదు. రీడింగ్స్ ఇవి: టెంపరేచర్ తెల్లవారుజామున 26, మధ్యాహ్నం 30.5. చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మిషన్) లేదు, రెండు ఫ్యాన్లు పెట్టాను. సెలినిటీ టాప్ అప్ (ఆవిరైనంత మంచినీళ్ళు పోయడం) చేశాక సాంద్రత లెక్కలో 1.025, మూడు రోజుల తర్వాత మళ్ళీ టాప్ అప్ చేసేముందు చూస్తే 1.028. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, ఆల్కలినిటీ 8.5. కాపర్ మందు ఎప్పుడూ వాడలేదు. లైట్ పది గంటలు, ఎనిమోన్ తెచ్చినరోజే నూటికి నూరు శాతం చేశాను, ఎనిమోన్‌కి ఎక్కువ వెలుతురు కావాలన్నారని.

పాత ఉప్పునీళ్ళు:
దొరికింది. మీ సమస్య ఫ్యాన్ల దగ్గర మొదలైంది. ఫ్యాన్ గాలికి నీళ్ళు ఆవిరై ట్యాంక్ చల్లబడుతుంది, మన హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగానే పనిచేస్తుంది, కానీ పోయేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మీకు రోజుకి నాలుగు లీటర్లు ఆవిరైనా మూడు రోజులకి పన్నెండు, అంటే ట్యాంక్‌లో పదోవంతు. అందుకే 1.025 కాస్తా 1.028 అవుతోంది. తర్వాత మీరు ఆ పన్నెండు లీటర్లూ ఒకేసారి పోసేసరికి గబుక్కున కిందికి పడుతోంది. చేప ఎలాగో తట్టుకుంటుంది. ఎనిమోన్ శరీరం నిండా ఉండేది ఆ నీళ్ళే, దానికి ఈ ఎగుడుదిగుడు నేరుగా తగులుతుంది. 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళ ఉప్పు), అంటే 1.026 దగ్గర పెట్టి అక్కడే కదలకుండా ఉంచాలి. ఆటో టాప్ అప్ పెట్టుకోండి, ఫ్లోట్ వాల్వ్‌తో చేసుకున్నా చాలు. అది వచ్చేదాకా పొద్దున కొంచెం సాయంత్రం కొంచెం సంప్‌లో నెమ్మదిగా పోయండి. డిస్‌ప్లేలో ఎనిమోన్ మీద పడేలా మాత్రం పోయొద్దు. టాప్ అప్‌కి ఆర్వో తర్వాత డీఐ ఫిల్టర్ (మిగిలిన లవణాలు తీసేది) కూడా దాటిన నీళ్ళే వాడండి, టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) సున్నా చూపించాలి, తాగే ఆర్వో మిషన్ నీళ్ళు సరిపోవు, చాలావాటిలో రుచి కోసం మళ్ళీ ఖనిజాలు కలుపుతారు. రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పు కొలిచే పరికరాన్ని) మామూలు నీళ్ళతో సున్నా చేసి వదిలేయకుండా 35 పీపీటీ క్యాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూడండి, అసలు కొలతే తప్పైతే ఇదంతా దండగ.

30.5 కూడా ఎక్కువే. 25 నుంచి 27 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది, 28 దాకా పర్వాలేదు, ఆపైన వేడికి వెలుతురు కూడా తోడైతే ఒంట్లో నాచుని వదిలేసి తెల్లబడుతుంది. మేలోకి వెళ్ళేసరికి మీ గది ఇంకా వేడెక్కుతుంది, చిల్లర్ గురించి ఇప్పుడే ఆలోచించండి. లేదంటే ఆ గదిలో ఏసీ పగలు నడవాలి, ఇంకో దారి లేదు.

ఇక నైట్రేట్ సున్నా ఫాస్ఫేట్ సున్నా గొప్ప విషయం అనుకుంటాం, కాదు. ఆ నాచు బతకడానికి కొంచెం ఎరువు కావాలి. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం ఉంటే చాలు. చేపలకి మేత కొంచెం పెంచండి, స్కిమ్మర్‌ని (నురగతో చెత్త తీసే పరికరాన్ని) కాస్త తగ్గించండి, చాలు. అన్నీ ఒకేరోజు మార్చొద్దు దయచేసి. ముందు సెలినిటీ, అది కుదిరాక లైట్, ఆ తర్వాత ఇది.

న్యూజెర్సీ నుంచి:
లైట్ గురించి నేను చెప్తాను. ఇక్కడ మా క్లబ్బులో పార్ మీటర్ (నాచుకి పనికొచ్చే వెలుతురు కొలిచేది) అద్దెకి ఇస్తారు కాబట్టి కొలిచి చూశాం, బబుల్ టిప్‌లు 150 నుంచి 250 పార్ మధ్య ఎక్కువ కుదురుకుంటున్నాయి, కొన్ని ఇంకా నీడకి వెళ్తాయి, అది వాటి ఇష్టం. షాపులో తక్కువ వెలుతుర్లో ఉన్నదాన్ని తెచ్చి నూరు శాతం కింద పెడితే పారిపోక ఏం చేస్తుంది అండీ. 40 శాతానికి దించి మూడు నాలుగు వారాల్లో మెల్లిగా పెంచండి. ఇంకోటి, బబుల్ టిప్ ఇసుకలో ఉండే రకం కాదు, పాదాన్ని రాతి సందులో లోపలికి దూర్చుకుని తల మాత్రం బయటికి పెడుతుంది, బెదిరితే లోపలికి లాక్కోవడానికి. మీరు చదునైన రాయి మీద పెట్టి ఉంటే అందుకే వదిలేసి ఉంటుంది. లోతైన సందు ఉన్న రాయి ఒకటి దగ్గర్లో పెట్టండి. చోటు మాత్రం అదే వెతుక్కోవాలి, మనం చేత్తో జరిపితే మళ్ళీ నడుస్తుంది.

టెంటకిల్స్ (దాని వేళ్ళలాంటివి) చివర బుడగలు రాకపోయినా దిగులుపడకండి. అవి ఎందుకు వస్తాయో ఎందుకు పోతాయో ఎవరూ తేల్చలేదు, పొడుగ్గా సన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉంటుంది.

ఉప్పునీటి అక్క:
క్లౌన్‌ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఓసెల్లారిస్‌కి సముద్రంలో బబుల్ టిప్ సహజమైన ఇల్లు కాదు, అవి మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సై లాంటి పెద్ద ఎనిమోన్ జాతుల్లో ఉంటాయి, ట్యాంకుల్లో మాత్రం చాలావరకు దీన్ని కూడా ఒప్పుకుంటాయి. మంచి ఆరోగ్యంగా ఉన్న ఎనిమోన్‌కి క్లౌన్ వల్ల లాభమే, దాని విసర్జనలోని అమ్మోనియా ఆ నాచుకి ఎరువవుతుంది. కానీ కొత్తగా వచ్చి ఇంకా కుదురుకోని దాన్ని రాత్రీ పగలూ రుద్దుతుంటే అది విచ్చుకోలేదు. కూరగాయలు కడిగే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి పెట్టండి, నీళ్ళూ వెలుతురూ వెళ్తాయి, క్లౌన్‌లు వెళ్ళలేవు. అది ఇంకా నడుస్తుంటే బుట్ట పెట్టొద్దు, ఆగిన తర్వాతే. లెదర్, జోవాంథిడ్స్ దారిలో ఉంటే కొంచెం జరపండి, వెళ్ళేదారిలో అన్నిటినీ కుడుతుంది. మీరు కూడా చేయి పెట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, పాపని అస్సలు ముట్టుకోనివ్వొద్దు, ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటే మంట.

ఇంకో మాట, దోమల మందు స్ప్రే ఆ గదిలో కొట్టొద్దు. ఆ మందులు చేపలకి, మీ ష్రింప్‌కి విషం, ఎయిర్ పంపు ఉంటే గదిలో గాలిని నేరుగా నీళ్ళల్లోకి తోస్తుంది.

బీచ్‌రోడ్:
నాదో చిన్న ప్రశ్న మధ్యలో, ఎనిమోన్‌లు ఎన్నేళ్ళు బతుకుతాయి అసలు? షాపులో ఒక ఏడాది అంతే అన్నారు.

పాత ఉప్పునీళ్ళు:
తప్పు తమ్ముడూ. స్కాట్లాండ్‌లో 1828లో సముద్రపు ఒడ్డున తీసిన ఒక చిన్న ఎర్ర ఎనిమోన్, గ్రానీ అని పేరు, ఒక గాజు జాడీలో చేతులు మారుతూ 1887 దాకా బతికింది. అంటే దాదాపు అరవై ఏళ్ళు, కరెంటు లేని కాలంలో. వేరే జాతి అయినా సరే, ఏడాదికి పోవడం వాటి సహజ ఆయుష్షు కాదని అర్థమవుతుంది కదా. షాపులో కొనేటప్పుడు తెల్లగా పాలలా ఉన్నవి అందంగా ఉన్నాయని కొనొద్దు, అవి నాచు పోగొట్టుకుని ఆకలితో ఉన్నవి. నిమ్మపండు పసుపు, ముదురు గులాబీ లాంటి మెరిసే రంగులుంటే రంగు వేసినవేమో అని అనుమానించాలి. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు ఛాయలుండి, నోరు బిగుతుగా ఉండి, పాదం చిరగకుండా ఉన్నదే తీసుకోవాలి.

మణికొండ రీఫ్:
అప్‌డేట్ అండీ. ఫ్లోట్ వాల్వ్ పెట్టించాను, సెలినిటీ 1.026 దగ్గర కదలట్లేదు, లైట్ తగ్గించాను, పగలు గదిలో ఏసీ వేస్తున్నాం, 28 దాటట్లేదు. ఎనిమోన్ వెనకాల రాళ్ళ మధ్య సందులోకి వెళ్ళి పాదం లోపలికి దూర్చుకుని ఆగిపోయింది, చాలా బాగా విచ్చుకుంటోంది, బుట్ట కూడా తీసేశాను. కానీ ఈరోజు పొద్దున చూస్తే సన్నగా పొడుగ్గా సాగి మధ్యలో నొక్కినట్టు ఉంది, నోళ్ళు రెండు కనిపిస్తున్నాయి. ఇదేంటన్నా, మళ్ళీ ఏమైనా అయ్యిందా? ఇంకో సంగతి, మా ఏరియాలో కరెంటు పోతోంది, ఇన్వర్టర్ మీద ఏమేం పెట్టాలి?

పాత ఉప్పునీళ్ళు:
రెండుగా విడిపోతోంది. బబుల్ టిప్‌లు ఇలాగే పెరుగుతాయి. ఒత్తిడి వల్ల కూడా విడిపోతాయి, బాగా తిని బలిసినా విడిపోతాయి, మీది మొన్నటి ఎగుడుదిగుళ్ళ వల్లే అనుకుంటున్నాను. చేయి పెట్టొద్దు, విడదీయాలని చూడొద్దు, గంటల్లో అయిపోవచ్చు, ఒకటి రెండు రోజులు కూడా పట్టొచ్చు. చిరిగిన వైపు ఒకటి రెండు వారాల్లో మూసుకుని రెండూ గుండ్రంగా అవుతాయి, అప్పటిదాకా మేత పెట్టొద్దు. రెండింటిలో ఒకటి కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది, కాబట్టి ఆ స్పాంజి మాత్రం తీయకండి.

ఇన్వర్టర్ మీద రిటర్న్ పంపు గానీ వేవ్‌మేకర్ గానీ ఏదో ఒకటి కచ్చితంగా నడవాలి, నీటి ఉపరితలం కదిలితేనే ఆక్సిజన్ అందుతుంది. ఫ్యాన్లు కూడా పెట్టండి, తక్కువే లాగుతాయి. లైట్, స్కిమ్మర్, ఏసీ అవసరం లేదు, లైట్ లేకుండా ఒకటి రెండు రోజులైనా దానికేమీ కాదు. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసే పరిస్థితి ఉంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పక్కన పెట్టుకోండి. విడిపోయాక ఫోటోలు పెట్టండి, రెండు నోళ్ళూ దగ్గర్నుంచి కనపడేలా, నీలం లైట్ ఆపి తెల్ల లైట్‌లో తీయండి.