పాత క్యాసెట్ స్టీరియోకి ఐపాడ్ కలపాలంటే: క్యాసెట్ అడాప్టరా, ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరా, స్టీరియోనే మార్చాలా?

లంకల_గాలి:
కారు పాత వ్యాగన్ఆర్. స్టీరియోలో రేడియో, క్యాసెట్ తప్ప ఇంకేం లేవు. ముందుగానీ వెనకగానీ ఆక్స్ పిన్ను (బయటి ప్లేయర్ వైరు గుచ్చే చోటు) లేదు. ప్లేయర్ ఐపాడ్ క్లాసిక్ 160 జీబీ, నిండా హరికథలు, పాత పాటలు. తిరిగేది అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి రోడ్డు, అప్పుడప్పుడు విజయవాడ. డాష్‌బోర్డు కొయ్యకూడదు, సౌండు బాగుండాలి. ఏది నయమో చెప్పండి.

వశిష్ఠ_216:
ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొనెయ్యండి, ఐపాడ్ పాటని కారు రేడియోకి స్టేషన్‌లా పంపుతుంది. విప్పేది లేదు, కోసేది లేదు. తిట్టేవాళ్లంతా ఫ్రీక్వెన్సీ సరిగా ఎంచుకోనివాళ్లే. ట్రాన్స్‌మిటర్ ఆపేసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, రేడియోని 87.5 నుంచి 108 దాకా మెల్లగా తిప్పండి. ఉత్త 'హుష్' తప్ప ఏమీ వినపడని చోటు, దానికి అటూ ఇటూ 0.2 కూడా ఖాళీగా ఉన్న చోటు కావాలి. సాధారణంగా ఈ చివర 87.7 దగ్గరో ఆ చివర 107.8 దగ్గరో దొరుకుతుంది. దారికి రెండు కొసల్లోనూ చూడాలి. అంతర్వేది వైపు ఎక్కడ పెట్టినా ఖాళీయే. విజయవాడ వెళ్లేసరికి 98.3, 102.2 లాంటివి బలంగా వస్తాయి, వాటి పక్కన పెడితే మీ హరికథ మధ్యలో ప్రకటనలు దూరతాయి. ఎఫ్‌ఎంలో ఏ సిగ్నల్ బలమైనదో అదే గెలుస్తుంది, రెండూ కలిసి మెల్లగా వినపడడం ఉండదు.

ఐపాడ్ వాల్యూమ్ ముప్పాతిక దాటనివ్వకండి. అంతకు మించితే ట్రాన్స్‌మిటర్ గరగరలాడుతుంది.

టంకం_పొగ:
జానెడు దూరంలో డెక్ హెడ్ (క్యాసెట్ టేపుని చదివే భాగం) ఉంటే గాల్లోకి పంపి మళ్లీ పట్టుకోవడం ఎందుకండీ? క్యాసెట్ అడాప్టర్ అంటే వైరున్న క్యాసెట్ డొక్కు, అందులో ఉన్నది బుల్లి హెడ్. డెక్ హెడ్‌కి ఎదురుగా నిలబడి అయస్కాంతంతోనే పాట అందిస్తుంది. ఎఫ్‌ఎం స్టీరియో ప్రసారం 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, అంతకంటే సన్నటి శబ్దాలు రావు. ఇంకో సంగతి, అమెరికా మార్కెట్‌కి చేసిన ట్రాన్స్‌మిటర్లలో ప్రీ-ఎంఫసిస్ (పంపేముందు సన్నటి శబ్దాల్ని పెంచే లెక్క) 75 మైక్రోసెకండ్లు, మన రేడియోలు దాన్ని తిరిగి తగ్గించే లెక్క 50. అందుకే అలాంటి వాటిలో 'స', 'శ' చెవిలో గుచ్చుకుంటాయి. అది ఫ్రీక్వెన్సీ మారిస్తే పోయే జబ్బు కాదు.

అడాప్టర్ పెట్టేముందు ఇయర్‌బడ్ దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది డెక్ హెడ్, పక్కనున్న సన్నటి ఇనుప కడ్డీ, రబ్బరు చక్రం తుడవండి. దూది నల్లగా వచ్చినన్నిసార్లు మళ్లీ తుడవాలి. స్టీరియోలో డాల్బీ బటన్ (టేపు 'హుష్' తగ్గించేది) ఉంటే ఆఫ్. వైరు డెక్ తలుపు మధ్య నలగకుండా ఏ పక్క నుంచి బయటికి రావాలో చూసి కొనండి.

వశిష్ఠ_216:
టంకం గారూ, మన గోదారి జిల్లాల తేమకి ఆ డెక్కులో బెల్టు బంకలా సాగిపోయి ఉంటుంది. స్పీడే నిలవని డెక్కులో అడాప్టర్ ఏం వాయిస్తుందండీ?

టంకం_పొగ:
అక్కడే పొరబడ్డారు. అడాప్టర్‌లో తిరిగే టేపే లేదు, స్పీడు తగ్గినా పెరిగినా పాటకి తేడా ఉండదు. ప్లే పడగానే హెడ్ ముందుకి వస్తే చాలు, ఇరుసులు ఎలాగోలా తిరిగితే చాలు. ఆటో రివర్స్ డెక్కులు మాత్రం కాస్త పేచీ పెడతాయి. అడాప్టర్‌లో పళ్లచక్రాలు బిగుసుకుంటే టేపు అయిపోయిందనుకుని రెండో పక్కకి తిప్పేస్తాయి, లేదంటే బయటికి తోసేస్తాయి. అప్పుడు చక్రాలు పీకెయ్యకండి, అవి తిరుగుతున్నాయా లేదా అనే డెక్ కనిపెడుతుంది. విప్పి ఒక్క చుక్క సిలికాన్ గ్రీజు వేస్తే సరిపోతుంది. ఒక పక్క స్పీకరే పలికితే అడాప్టర్ పూర్తిగా కూర్చోలేదని లెక్క, వేలితో కొంచెం లోపలికి నొక్కి చూడండి.

గౌతమి_వైండింగ్:
మీ ఇద్దరూ పాట వెళ్లే దారి గురించి కొట్టుకుంటున్నారు. కారులో గోల పుట్టేది కరెంటు వచ్చే దారిలో. ప్లేయర్‌ని లైటర్ సాకెట్‌లో చార్జింగ్ పెట్టి, అదే సమయంలో ఆక్స్ వైరుతో స్టీరియోకి కలిపితే ఎర్త్ రెండు దారుల్లో కలుస్తుంది: ఒకటి చార్జర్ గుండా, ఇంకోటి ఆక్స్ వైరు తొడుగు గుండా. ఆ వలయంలోంచి ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) పాడుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల సన్నబడుతూ పైకి పోతుంటే అదే కారణం.

కనిపెట్టే వరస ఇది. చార్జర్ పీకండి, గోల పోతే దొంగ చార్జరే. ఇంజిన్ ఆపి తాళం ఏసీసీ మీద ఉంచి చార్జర్ పెట్టండి. ఇంజిన్ ఆగినా గోల వస్తే ఆల్టర్నేటర్ తప్పేం లేదు, చవక చార్జర్ 12 వోల్టుల్ని 5 చేసేటప్పుడు చేసే గోల అది, చార్జర్ మార్చండి. ఇంజిన్ ఉన్నప్పుడే వస్తే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లే ఉంటాయి. మరీ చిన్నవైతే వాల్యూమ్ పెంచినప్పుడు డోలు మోత పిండేసినట్టు వస్తుంది.

టంకం గారు చెప్పని ప్లస్ పాయింట్ ఒకటుంది. క్యాసెట్ అడాప్టర్‌కి, స్టీరియోకి మధ్య రాగి తీగ లేదు. అంచేత ఆ ఎర్త్ వలయమే ఏర్పడదు. ఆక్స్ ఉన్న కారుకంటే మీ పాత డెక్కే ఈ విషయంలో మెరుగు!

రెండు_డిన్:
ఎంతకని ఈ తిప్పలండీ. యూఎస్‌బీ ఉన్న కొత్త స్టీరియో పెట్టేసుకోండి. పాత సాకెట్‌కి సరిపడే ఐఎస్ఓ కప్లర్ (కారు ప్లగ్గుని కొత్త స్టీరియోకి కలిపే ముక్క) దొరికితే కంపెనీ వైర్లు ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళంతో వచ్చేది, నలుపు ఎర్త్. తాళం తీసినప్పుడల్లా టైము, స్టేషన్లు చెరిగిపోతుంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయని. స్పీకర్ మైనస్ వైర్లని మాత్రం బాడీకి కలపకండి, ఆ దెబ్బతో స్టీరియో లోపల ఐసీ చిప్పు పోతుంది. మెలేసి టేపు చుట్టే పని అసలొద్దు. ఎండకి టేపు జిగురు కారిపోతుంది, రాజోలు, నరసాపురం వైపు ఉప్పుగాలికి రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. టంకం వేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి.

టంకం_పొగ:
వైరింగ్ మాటలకి దణ్ణం, కానీ ఆయన అడిగింది ఐపాడ్ గురించి. అన్ని స్టీరియోలూ ఐపాడ్‌ని గుర్తుపట్టవు, డబ్బా మీద రాసి ఉంటేనే. పెన్‌డ్రైవ్‌కి ఎక్కిద్దామంటే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, చాలా స్టీరియోలు ఎక్స్‌ఫ్యాట్ చదవవు. తెలుగు లిపిలో పెట్టిన పేర్లు తెర మీద డబ్బాలై కూర్చుంటాయి. పైగా చాలావాటిలో వరస అక్షరాలది కాదు, కాపీ చేసిన క్రమం. పన్నెండు భాగాల హరికథ ఏడో భాగంతో మొదలైతే ఎలాగండీ?

రెండు_డిన్:
ఆయ్, అది నిజమే. ఇంగ్లీషు అక్షరాల్లో 01, 02 అని పేరు ముందు పెట్టి, ఆ వరసలోనే ఒక్కోటీ కాపీ చేస్తే గాడిలో పడుతుంది. 160 జీబీ మొత్తం అలా చెయ్యమని మాత్రం నేను చెప్పలేను.

లంకల_గాలి:
ప్లే నొక్కితే హెడ్ వస్తోంది, అంచేత అడాప్టర్‌కే వెళ్తానండి. ఐపాడ్ కింద డాక్ పిన్నులోంచి లైన్ అవుట్ తీసుకుంటే సౌండు ఇంకా శుభ్రంగా ఉంటుందంటారు, నిజమేనా?

గౌతమి_వైండింగ్:
ఆక్స్‌కైతే నిజం. అక్కడ లైన్ అవుటే సరైనది, ఐపాడ్ వాల్యూమ్‌తో పనిలేకుండా ఒకే మట్టంలో వస్తుంది. అడాప్టర్ హెడ్ మాత్రం తక్కువ ఓమ్స్ తీగచుట్ట, దానికి కరెంటు కావాలి. లైన్ అవుట్ నీరసంగా తోస్తుంది. పైన హెడ్‌ఫోన్ పిన్నే వాడండి. ఈక్వలైజర్ ఆఫ్ చేసి వాల్యూమ్ 60 శాతం దగ్గర మొదలెట్టి, మృదంగం దెబ్బ పగిలేదాకా పెంచి, అక్కణ్నుంచి రెండు గీతలు తగ్గించండి. మిగతాది స్టీరియోలో పెంచుకోవాలి. చార్జింగ్ ఇంట్లోనే పెట్టుకోండి. కొత్తలో 36 గంటలు పాడుతుందన్న బ్యాటరీ ఇప్పుడు అందులో పావు వంతే నిలిచినా రాజమండ్రి వెళ్లి రావచ్చు. ఎండలో కారు ఆపితే ఐపాడ్ చేత్తో పట్టుకుపొండి. లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉంది, 35 డిగ్రీలు దాటిన చోట దాన్ని నడపొద్దని కంపెనీయే చెప్పింది.

వశిష్ఠ_216:
35 డిగ్రీలంటే మనకి ఫాల్గుణంలోనే వస్తుంది కదండీ! సరే, ఎప్పుడైనా ఆ హెడ్ ముందుకి రాకుండా మొరాయిస్తే 87.7 దగ్గర కలుద్దాం.