"దీర్ఘకాలిక" అన్నిటికీ అతుకుతుందా?

అక్షరసేతు:
"దీర్ఘకాలిక మిత్రుడు", "దీర్ఘకాలిక కోరిక", "దీర్ఘకాలిక సమావేశం"... వార్తల్లో, కరపత్రాల్లో ఇవి ఎక్కువవుతున్నాయి. నా వాదన ఒక్కటే: ఇది కొలత ఉన్న మాట. గడువు గీసి, ఇటు స్వల్పకాలికం, అటు దీర్ఘకాలికం అని విడదీసే చోటే దీనికి పని. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన షేర్లను 12 నెలలు దాటాక అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. ఇల్లు, స్థలమైతే 24 నెలలు దాటాలి. కిడ్నీ దెబ్బతిన్న లక్షణాలు కనీసం 3 నెలలు ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి. స్నేహానికి అలాంటి గీత లేదు. చిరకాల మిత్రుడు, చిరకాల వాంఛ, సుదీర్ఘ సమావేశం అనడమే సరి.

గోదారిగట్టు:
ఒప్పుకోనండి. పాఠకుడికి అర్థమైతే చాలదా? "చిరకాల" కన్నా "దీర్ఘకాలిక" ఈనాటి పిల్లలకు తేలిక. చిరకాలం అంటే చిన్న కాలం అనుకునేవాళ్లున్నారు.

మాటలమూట:
ఆ పొరపాటుకు మందు మాట మానేయడం కాదండి, తేడా చెప్పడం. చిరునవ్వు, చిరుజల్లు, చిరుతిండిలో ఉన్నది తెలుగు "చిరు", అంటే చిన్న. చిరకాలం, చిరంజీవి, చిరస్మరణీయంలో ఉన్నది సంస్కృత "చిర", అంటే ఎక్కువ కాలం. ఒక్క కొమ్ము పడి "చిరుకాల స్వప్నం" అని అచ్చయితే అర్థం తలకిందులు. "అచిరకాలంలోనే" అంటే త్వరలోనే; అక్కడ "అ"ను వదిలేసి చదివినా అంతే.

ఇంకోటి. "చిరకాల" మనసు అంటిపెట్టుకున్న వాటి పక్కనే ఇముడుతుంది: కోరిక, స్వప్నం, మిత్రుడు, క్రికెట్ పేజీలో ప్రత్యర్థి. చిరకాల దగ్గు అనం. "సుదీర్ఘ" ఒక మొదలూ చివరా ఉన్న సాగుడుకు: ప్రసంగం, విచారణ, పాదయాత్ర. అది దూరానికీ పనికొస్తుంది, సుదీర్ఘ తీరం అంటాం. కానీ "పొడవైన సమావేశం" మాత్రం చెవికి గుచ్చుకుంటుంది. పొడవు కాలానికి రాదని కాదు, "ఏడాది పొడవునా" నిక్షేపంలాంటి తెలుగు. విశేషణంగా మారితేనే పొసగదు.

వరిమడి:
అక్షరసేతు గారి మాటకు పొలంలోనే సాక్ష్యం ఉంది. వరిలో బీపీటీ 5204 సుమారు 150 రోజుల దీర్ఘకాలిక రకం, ఎంటీయూ 1010 సుమారు 120 రోజుల స్వల్పకాలిక రకం. వానాకాలంలో నారు ఆలస్యంగా పోసి దీర్ఘకాలిక రకం నాటితే పూత చలికి చిక్కి తాలు పెరుగుతుంది. రైతులు మాట్లాడుకునేటప్పుడు "నూటయాభై రోజుల పంట" అనేస్తారు, అదే అన్నిటికన్నా స్పష్టం. కరపత్రంలో దీర్ఘకాలిక అని రాసినా పక్కన రోజులు వేయాలి.

గోదారిగట్టు:
పంటల సంగతి సరే. ఆరోగ్య కరపత్రాల్లో "మొండి జబ్బు" అని రాస్తే జనానికి ఇంకా దగ్గరగా ఉంటుంది కదా?

అక్షరసేతు:
వద్దండి, అది ప్రమాదం. మొండి అంటే లొంగనిది, ఎక్కువ కాలం ఉండేది కాదు. బ్యాంకు అప్పు వాయిదా 90 రోజులకు మించి కట్టకపోతే మొండి బకాయి అయిపోతుంది. 20 ఏళ్ల ఇంటి రుణం వాయిదాలు సక్రమంగా కడుతుంటే దీర్ఘకాలిక రుణమే. బీపీ మాత్రతో అదుపులో ఉంటే అది మొండిది కాదు. మొండి జబ్బు అని చదివినవాడు మందుకు లొంగదేమో అనుకొని మాత్రలు మానేస్తాడు. "ఏళ్ల తరబడి మందు వాడాల్సిన జబ్బు" అని రాయండి, నాలుగు మాటలు ఎక్కువైనా పర్లేదు.

మాటలమూట:
"తరబడి" తర్వాత క్రియ ఉండాలని గుర్తుంచుకోండి. "ఏళ్ల తరబడి సాగుతున్న కేసు" అనాలి, "ఏళ్ల తరబడి కేసు" కుంటుతుంది.

గోదారిగట్టు:
జబ్బు విషయంలో మీ మాటే తీసుకుంటాను. కానీ "దీర్ఘకాలిక తాగునీటి సమస్య"ను మాత్రం వదలను. శీర్షికలో చోటు తక్కువ.

అక్షరసేతు:
"ఏళ్లనాటి నీటి సమస్య" అనండి, చోటు ఇంకా తగ్గుతుంది. విలేకరికి లెక్క తెలిస్తే "పదేళ్లుగా తీరని దాహం". దీర్ఘకాలిక అన్నప్పుడు రెండేళ్లో ఇరవయ్యేళ్లో ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.